గోదావరి డెల్టాలో గిన్నికోళ్లు: పిల్ల దశ నుంచి తోటలో తిరిగే దాకా

కొబ్బరి తోటలో గిన్నికోళ్ల గుంపు మేస్తుంటే ఆ అందమే వేరు. బూడిదరంగు ఒంటి నిండా తెల్ల చుక్కలు, నెత్తిన చిన్న కొమ్ము, కొత్త మనిషి గేటు దగ్గర కనబడితే వీధి చివరిదాకా వినబడే అరుపు. పెద్దయ్యాక వీటికి రోగాలు తక్కువ. పురుగూ పుట్రా, గడ్డిగింజా ఏరుకుతింటాయి కాబట్టి మేత ఖర్చూ తక్కువే. ఎకరమో రెండెకరాలో తోట ఉన్నవాళ్లకు వీటి మీద మనసు పోవడంలో ఆశ్చర్యం లేదు.

పెంచడం మొదలుపెట్టిన చోట మాత్రం ఎక్కువగా రెండు మాటలు వినిపిస్తాయి. తెచ్చిన పిల్లలు మొదటి నెలలోనే రాలిపోయాయనేది ఒకటి. బతికినవి వదిలిన సాయంత్రమే చెట్టెక్కాయి, గూటికి రాలేదు, రోజుకొకటి చొప్పున మాయమయ్యాయనేది రెండోది. ఈ రెంటికీ కారణం చాలావరకు ఒకటే, తొందర. పిల్లకి ఈకలు పూర్తిగా రాకముందే తడి తగులుతోంది. షెడ్డు తన ఇల్లని తెలియకముందే తలుపు తీసేస్తున్నారు. నీళ్ల మధ్య ఉండే డెల్టాలో ఈ తొందరకి శిక్ష మెట్ట ప్రాంతంలో కంటే త్వరగా పడుతుంది. అందుకే ఇక్కడ గిన్నికోళ్ల పెంపకం గుడ్డు ఏ నెలలో పొదగేశారన్న దగ్గరే సగం తేలిపోతుంది.

ఇది పుట్టుకతో ఆఫ్రికా పక్షి. సహారాకి దక్షిణాన, వాన తక్కువగా పడే గడ్డి మైదానాల్లో గుంపులుగా తిరుగుతుంది. పగలంతా నేల మీద మేసి, చీకటి పడే వేళకి ఎత్తైన కొమ్మ చూసుకుని నిద్రపోతుంది. మనిషి మచ్చిక చేసి వేల ఏళ్లయినా ఆ బుద్ధి పోలేదు. మన దేశంలో ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్‌లో ఉన్న కేంద్ర పక్షి పరిశోధన సంస్థ కాదంబరి, చితంబరి, శ్వేతాంబరి అని మూడు రకాలను తయారుచేసింది. ఇవి 12 వారాలకి 900 గ్రాముల నుంచి కిలో దాకా తూగుతాయి. ఏడెనిమిది నెలల వయసులో గుడ్డుకి వస్తాయి. మార్చి నుంచి సెప్టెంబరు వరకు సాగే ఒక సీజన్‌లో సుమారు వంద గుడ్లు పెడతాయి. గుడ్డు బరువు 40 గ్రాముల లోపే, పెంకు మాత్రం చాలా గట్టిది. శీతాకాలంలో గుడ్లు పెట్టవు. కోడిలాగా ఏడాది పొడవునా గుడ్డు వస్తుందని లెక్కలు వేసుకున్నవాళ్లకు మొదటి నిరాశ ఇక్కడే ఎదురవుతుంది.

ఏ నెల పిల్లలు బాగుంటాయి

గిన్నికోడి గుడ్డు పొదగడానికి 26 నుంచి 28 రోజులు పడుతుంది. మార్చి మధ్యలో పొదగేస్తే ఏప్రిల్ మధ్యకల్లా పిల్లలు దిగుతాయి. డెల్టాలో ఆ సమయానికి దాళ్వా (రబీ వరి) కోతలు నడుస్తుంటాయి, నేల ఆరి ఉంటుంది, గాలి వెచ్చగా ఉంటుంది. మొదటి వారం పిల్లకి కావలసింది 35 డిగ్రీల వేడి. ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. ఏప్రిల్, మే నెలల్లో పగటిపూట ఆ వేడి ఊరికే దొరుకుతుంది, బల్బు అవసరం రాత్రికీ తెల్లవారుజాముకీ మాత్రమే. నైరుతి రుతుపవనాలు పట్టుకునే జూన్ రెండో వారానికి పిల్లలకి ఎనిమిది వారాలు నిండుతాయి. అప్పటికి ఈకలన్నీ వచ్చి ఉంటాయి కాబట్టి వాన జల్లు పడినా తట్టుకుంటాయి.

ఇదే గుడ్లు జూన్ చివర్లో పొదగేస్తే లెక్క తిరగబడుతుంది. పిల్లలు జూలై ఆఖరికి దిగుతాయి. బ్రూడర్‌లో, అంటే పిల్లల్ని వెచ్చగా ఉంచే గూట్లో గడపాల్సిన ఆరు వారాలూ ముసురులోనే గడుస్తాయి. ఊక ఆరదు, గోనె పట్టాలు ఆరవు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. బయటికి వదలాల్సిన వయసు వచ్చేసరికి అక్టోబరు, నవంబరు తుఫాన్లు ఎదురొస్తాయి. ఈ సీజన్ పిల్లలు బతకవని చెప్పడానికి లేదు. గట్టి గచ్చు, ఇన్వర్టర్, రోజూ చూసే మనిషి ఉన్నచోట బతుకుతాయి. మొదటిసారి పెంచేవాళ్లు మాత్రం జూలై పిల్లల జోలికి పోకపోవడమే మంచిది. చవగ్గా వస్తున్నాయని వానాకాలంలో వంద పిల్లలు కొనేకంటే ఆగి, వేసవిలో ఇరవై తెచ్చుకోవడం మేలు.

మొదటి ఆరు వారాలు

బ్రూడర్‌కి గుండ్రంగా వంచిన రేకు చాలు, వెదురు తడిక చుట్టినా సరిపోతుంది. మూలలుంటే చలికి అక్కడ కుప్పపడి, అడుగున ఉన్నవి ఊపిరాడక చస్తాయి, అందుకే గుండ్రంగా ఉండాలి. పైన వల తప్పనిసరి. మూడో వారానికే ఎగరడం మొదలుపెడతాయి, అంతకుముందు కూడా కాకులు, పిల్లులు ఊరుకోవు. బల్బులు రెండు పెట్టాలి, ఒకటి మాడిపోయినా తెల్లారేదాకా రెండోది కాపాడుతుంది. వేడి సరిపోయిందా లేదా అన్నది థర్మామీటర్ కంటే పిల్లలే బాగా చెబుతాయి. బల్బు కింద ముద్దగా చేరి కీచుమంటుంటే చలి. తడిక అంచులకి పోయి నోళ్లు తెరుచుకుని రెక్కలు వేలాడేస్తే వేడి ఎక్కువైంది. అంతా చెదిరి తింటూ, మధ్యమధ్యలో కాళ్లు చాపుకుని పడుకుంటుంటే సరిగ్గా ఉన్నట్టు. మే నెల మధ్యాహ్నాల్లో చలి కంటే వేడితోనే ప్రమాదం. రేకుల షెడ్డులో బ్రూడర్ పెట్టి బల్బు కూడా వేసి ఉంచితే పిల్లలు ఉడికిపోతాయి. తాటాకు పాక కిందకో, చెట్టు నీడకో మార్చాలి.

కింద పరవడానికి డెల్టాలో రైసు మిల్లు ఊకని మించింది లేదు. కాకపోతే మొదటి మూడు నాలుగు రోజులు ఊక మీద గోనె పట్టా పరిచి ఉంచాలి. అప్పుడే దిగిన పిల్లకి ఊక ఏదో, మేత ఏదో తెలియదు, కడుపునిండా ఊక మింగి చస్తుంది. పేపరు పరవడం చాలామంది చేసే పని, అది అసలు పనికిరాదు. నున్నటి పేపరు మీద గిన్నికోడి పిల్ల కాళ్లు రెండు పక్కలకీ జారిపోతాయి, రెండు రోజులు అలా జారితే ఇక సరిగ్గా నిలబడలేదు. గోనె పట్టా అయితే గోళ్లకి పట్టు దొరుకుతుంది. ఊక తడిస్తే ఆ మేరకు వెంటనే తీసేయాలి. తడి ఊకలో పట్టే బూజు పిల్లల ఊపిరితిత్తులకి ఎక్కుతుంది, రక్తపారుడు తెచ్చే కాక్సీడియా కూడా తడిలోనే పెరుగుతుంది. షెడ్డులోకి వంగితే కళ్లు మండుతున్నాయంటే, అక్కడే ఉండే పిల్లల పరిస్థితి ఇంకా ఘోరంగా ఉన్నట్టే.

నీళ్ల గిన్నె దగ్గర కూడా పిల్లల్ని పోగొట్టుకునేవాళ్లు తక్కువేమీ కాదు. గిన్నికోడి పిల్ల కోడిపిల్ల కంటే చిన్నది, నీళ్లు చూస్తే అందులోకి దిగుతుంది. అంగుళం లోతున్నా తడిసి వణికి చస్తుంది. లోతు లేని పళ్లెంలో గులకరాళ్లు నింపి, రాళ్ల సందుల్లో మాత్రమే నీళ్లు నిలిచేలా పోయాలి. గులకరాళ్లు లేకపోతే పిల్లలు ఆడుకునే గోళీలైనా సరే. చన్నీళ్లు మొదటి రోజుల్లో వద్దు, గోరువెచ్చగా ఉండాలి.

మేత విషయంలో నాటుకోడి పిల్లల అలవాటు ఇక్కడ పనిచేయదు. నాటుకోడి పిల్లలకి నూకలు చల్లితే గంప కింద ఎలాగోలా పెరిగిపోతాయి. గిన్నికోడి పిల్లకి మొదటి అయిదు వారాలు 24 శాతానికి తగ్గకుండా ప్రొటీన్ కావాలి. నూకల్లో అందులో మూడో వంతు కూడా ఉండదు. బ్రాయిలర్ ప్రీ స్టార్టర్ (బ్రాయిలర్ పిల్లలకి మొదట్లో పెట్టే మేత) తెచ్చి, దానికి ఉడికించిన కోడిగుడ్డు మెత్తగా చిదిపి కలిపితే సరిపోతుంది. మేత కొనేటప్పుడు కాక్సీడియా మందు కలపనిది కావాలని అడగాలి. కోళ్ల మేతలో కలిపే ఈ మందుల్లో కొన్ని గిన్నికోళ్లకీ టర్కీలకీ పడవు. మందు అవసరమైతే పశువుల డాక్టరుని అడిగి విడిగా ఇవ్వొచ్చు. గోదావరి జిల్లాల్లో చవగ్గా దొరుకుతుంది కదా అని ఎండుచేప దంచి పెట్టేవాళ్లున్నారు. ఉప్పు వేసి ఎండబెట్టిన చేప పిల్లలకి విషంతో సమానం, ఉప్పు తగలని చేప అయితేనే వాడాలి. అంతకంటే మేలైనది, పైసా ఖర్చు లేనిది చెదలు. పాత కుండలో తడిపిన ఎండుగడ్డి, పేడ కుక్కి, చెదలున్న చోట సాయంత్రం బోర్లిస్తే తెల్లారేసరికి కుండ లోపల తెల్లగా కదులుతుంటాయి. దాన్ని బ్రూడర్‌లో దులిపితే పిల్లలు పెట్టే హడావుడి చూసి తీరాలి. ఒకదాని ముక్కులోది ఇంకొకటి లాక్కుంటూ క్షణంలో ఊడ్చేస్తాయి.

అయిదో వారం దాటాక ప్రొటీన్ 18, 20 శాతానికి తగ్గించొచ్చు. అప్పటి నుంచి అజొల్లా అనే నీటి మొక్క, తోటకూర, మునగాకు సన్నగా తరిగి వేయొచ్చు.

నాటు పెట్ట కింద పెంచడం

కరెంటు బల్బు కంటే పొదిగే నాటు పెట్ట నయమనే మాట డెల్టా పల్లెల్లో ఇంకా బతికే ఉంది. బాతు గుడ్లు కోడి కింద పెట్టి పిల్లలు చేయించడం ఇక్కడ తెలియనిది కాదు. బాతు గుడ్డుకి కూడా 28 రోజులు పడుతుంది కాబట్టి గిన్నికోడి గుడ్లకి అదే పద్ధతి నప్పుతుంది. పెట్ట సైజుని బట్టి 15 నుంచి 20 గుడ్లు కప్పగలదు. జాగ్రత్త ఒక్కటే, కోడిగుడ్లు కలిపి ఒకేసారి పెట్టకూడదు. 21వ రోజుకి కోడిపిల్లలు దిగిపోతే పెట్ట వాటిని వెంటేసుకుని లేచిపోతుంది, గిన్నికోడి గుడ్లు చల్లారిపోతాయి.

గిన్నికోడి తల్లి మాత్రం పొదగడంలో పర్వాలేదు గానీ సాకడంలో పనికిరాదు. పొదల్లో రహస్యంగా పొదిగి, పిల్లలు దిగిన మర్నాడే మంచు పట్టిన గడ్డిలోంచి వాటిని మైళ్ల దూరం నడిపిస్తుంది. వెనకబడ్డదాని కోసం ఆగదు. పుట్టిన చోట పొడి గడ్డి కాబట్టి అక్కడ చెల్లింది. కాలువ గట్టు మీద, అరటి తోటలో ఉదయం పూట గడ్డి ఎంత తడిగా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. నాటు పెట్ట అలా చేయదు. పిల్ల అరిస్తే ఆగుతుంది, రెక్కల కింద పెట్టుకుంటుంది, పొద్దుగూకేసరికి గూటికి తీసుకొస్తుంది. ఈ చివరి అలవాటే అసలు లాభం. పెట్ట వెంట పెరిగిన గిన్నికోళ్లకి సాయంత్రం షెడ్డుకి రావడం విడిగా నేర్పాల్సిన పని బాగా తగ్గుతుంది. కోడి ద్వారా పేలు, కడుపులో పురుగులు అంటుకునే అవకాశం ఉంది కాబట్టి పొదగేసే ముందే పెట్టకి పురుగుల మందు వేయించి, పేలు లేకుండా చూసుకోవాలి. కొక్కెర తెగులు వ్యాక్సిన్ గిన్నికోళ్లకి ఎప్పుడు, ఎలా వేయాలో దగ్గర్లోని పశువైద్యశాలలో అడిగితే చెబుతారు.

షెడ్డు ఇల్లని ఎలా తెలుస్తుంది

ఆరు వారాలు నిండిన పిల్లల్ని, పెద్దయ్యాక ఎక్కడ ఉండాలనుకుంటున్నారో ఆ షెడ్డులోకే మార్చాలి. మధ్యలో ఇంకో చోటు పెట్టి మళ్లీ మార్చడం మంచిది కాదు. ఆ షెడ్డులో మరో నాలుగు నుంచి ఆరు వారాలు బయటికి వదలకుండా ఉంచాలి. ఓపిక నశించేది ఇక్కడే. రెక్కలొచ్చాయి, వలలోంచి తోట వైపు చూస్తున్నాయి, మేత ఖర్చు పెరుగుతోంది, వదిలేస్తే ఏరుకుతింటాయి కదా అనిపిస్తుంది. ఈ నాలుగు వారాలు మిగుల్చుకోబోతే గుంపే మిగలదు.

డెల్టాలో నేల చెమ్మ కాబట్టి షెడ్డు అరుగు చుట్టూ ఉన్న మట్టం కంటే అడుగున్నర ఎత్తు ఉండాలి. ఒక పక్క గోడకి బదులు వల ఉంటే లోపలి నుంచే తోట, ఇల్లు, వచ్చీపోయే మనుషులు, కుక్క అన్నీ కనబడతాయి. తర్వాత బయటికి వచ్చినప్పుడు వాటిని కొత్తగా చూసి బెదరవు. ఊళ్లో చేపల చెరువుల దగ్గర పక్కన పడేసిన పాత వలలు ఇందుకు బాగా పనికొస్తాయి. కింద రెండడుగుల మేర మాత్రం సన్న కన్ను ఇనుప మెష్ వేయాలి, ఆ వలని ముంగిస కొరికేస్తుంది. లోపల వెదురు దండేలు మనిషి ఛాతీ ఎత్తున కట్టాలి. ఎత్తున పడుకోవడం వాటి స్వభావం, ఆ ఎత్తు లోపల దొరక్కపోతే బయట మామిడి కొమ్మ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది.

గిన్నికోళ్లకి రేచీకటి లాంటిది ఉంటుంది. వెలుతురు తగ్గితే వాటికి ఏమీ కనబడదు, చీకటి గుయ్యారంలోకి అడుగు పెట్టవు. సూర్యుడు వాలేసరికి షెడ్డు లోపల బయటికంటే చీకటిగా ఉంటే అవి లోపలికి రాకపోవడం మొండితనం కాదు, భయం. లోపల చిన్న ఎల్ఈడీ బల్బు వేసి, దండేల మీద సర్దుకున్నాక ఆర్పేస్తే చాలు. ఎన్నో చోట్ల కర్రలు పట్టుకుని అరగంట తరిమినా రాని మంద ఒక్క బల్బుతో లోపలికి నడిచింది.

పిలుపు కూడా ఈ రోజుల్లోనే అలవాటు చేయాలి. రేకు డబ్బాలో గింజలు పోసి గలగలలాడిస్తూ, రోజూ ఒకే వేళకి, ఒకే మనిషి, షెడ్డు లోపలే చల్లాలి. వారం తిరగకుండానే డబ్బా చప్పుడికి పరుగెత్తుకొస్తాయి. ఏ గింజ వాడాలన్నది డెల్టాలో ప్రాణం మీదికి తెచ్చే విషయం. సులువుగా ఇంట్లో ఉండేవి నూకలు. సార్వా (ఖరీఫ్ వరి) మొదట్లో ఊళ్లన్నీ కలిసి చేలల్లో ఎలుకల మందు పెడతారు. ఆ ఎర కిలోలో 960 గ్రాములు నూకలే, మిగతాది 20 గ్రాముల నూనె, 20 గ్రాముల బ్రోమాడయోలోన్ పొడి. నూకలంటే విందు అని నేర్చుకున్న పక్షి, బొరియ దగ్గర చిందిన ఎర కనబడితే వదలదు. అందుకే పిలుపు గింజగా జొన్నలో సజ్జలో వాడి, నూకల రుచి తెలియకుండానే పెంచడం తెలివైన పని. సంక్రాంతి పుంజులకి సజ్జలు మేపే అలవాటు ఉన్న ఇళ్లలో ఇవి ఎలాగూ ఉంటాయి.

తలుపు తీసే రోజులు

మొదటిసారి అన్నిటినీ ఒక్కసారి వదలకూడదు. ఇరవై ఉంటే నాలుగైదు చాలు. గిన్నికోడికి గుంపే లోకం, గుంపు లోపల ఉంటే బయటున్నవి ఎటూ పోవు. చీకటి పడడానికి గంట ముందు, మధ్యాహ్నం నుంచి మేత పెట్టకుండా ఉంచి, ఆకలి మీద వదలాలి. బయట పది నిమిషాలు తిరుగుతాయి, లోపలున్నవి అరుస్తాయి, వల పట్టుకుని అటూ ఇటూ పరుగులు పెడతాయి.

కొత్తవాళ్లు కంగారుపడేది ఈ పరుగులు చూసే. లోపలికి రావాలనే ఉంటుంది, తలుపు తెరిచే ఉంటుంది, కానీ దారి దొరకదు. ఎదురుగా లోపల తోటి పక్షి కనబడుతుంటే గిన్నికోడి చుట్టూ తిరిగి తలుపు దగ్గరికి రావాలని ఆలోచించదు. వలకి ముక్కు ఆనించి ఒకే పక్క పైకీ కిందకీ పరుగెడుతూనే ఉంటుంది. దీనికి మందు తరమడం కాదు. తలుపు వెడల్పు నాలుగడుగులు ఉండాలి. తలుపుకి రెండు పక్కలా ఏటవాలుగా తడికలు పాతి, నోరు వెడల్పుగా లోపలికి సన్నమయ్యేలా పెడితే పరుగెత్తే పక్షి తనంతట తానే దారిలో పడుతుంది. అప్పుడు లోపల డబ్బా మోగించాలి. మనిషి వెనక నుంచి రావాల్సి వస్తే రెండు చేతుల్లో రెండు పొడవాటి వెదురు కర్రలు చాపుకుని మెల్లగా నడవాలి. డెల్టాలో బాతుల మందలు తోలేవాళ్లు చేసేది ఇదే, కర్రలతో కొట్టరు, కర్రల్ని గట్టులాగా వాడతారు. గిన్నికోళ్లు కూడా ఆ మాట వింటాయి, అడుగు వేగం పెంచితే మాత్రం ఎగిరిపోతాయి.

మర్నాడు వేరే నాలుగైదు, ఆ మర్నాడు ఇంకొన్ని. అన్నీ ఒక విడత బయటికి వెళ్లొచ్చాక సగం మందని, వారం పది రోజులు సజావుగా జరిగాక మొత్తాన్ని వదలొచ్చు. గంట రెండు గంటలవుతుంది, తర్వాత పూటవుతుంది. ఉదయం పూట మంచు ఆరాకే తలుపు తీయాలి. వాన పట్టే సూచన ఉన్న రోజు వదలకపోవడమే మంచిది. పూర్తిగా అలవాటుపడ్డ మందకి కూడా సాయంత్రం డబ్బా గింజలు మానకూడదు. తోటలో ఎంత తిన్నా ఆ పిడికెడు జొన్నలే వాటిని రప్పిస్తాయి.

ఒకటి చెట్టెక్కిందనుకుందాం. వెలుతురు ఉంటే పొడవాటి దోటితో కొమ్మని మెల్లగా కదిపి కిందకి దించొచ్చు. చీకటి పడ్డాక దించితే అది నేల మీద గుడ్డిగా కూర్చుండిపోతుంది, కుక్కకో మానుపిల్లికో దొరికిపోతుంది. అందేంత ఎత్తులో ఉంటే టార్చి వేసి చేత్తో తీసుకోవచ్చు, లేకపోతే ఆ రాత్రికి వదిలేయాలి. పట్టుకునేటప్పుడు కాళ్లు పట్టుకోకూడదు. సంతలో కోళ్లని కాళ్లు కట్టి తలకిందులుగా వేలాడేసి తీసుకెళ్లే అలవాటు ఇక్కడ మామూలే, గిన్నికోడి కాలు దానికి తట్టుకోదు, పట్టిన చోటే విరుగుతుంది. రెండు రెక్కలూ ఒంటికి ఆనించి రెండు చేతులతో ఎత్తుకోవాలి. రోజూ చెట్టెక్కే పక్షి ఒకటుంటే వారం తిరిగేలోగా మిగతావి నేర్చేసుకుంటాయి. దాన్ని మళ్లీ రెండు వారాలు లోపలే ఉంచడం తప్ప దారి లేదు. ఒక రెక్క ఈకలు కత్తిరించడం గురించి చాలామంది అడుగుతారు. గోడ దూకకుండా ఆపుతుంది, నిజమే. కానీ కుక్క తరిమితే ఎగరలేక దొరికిపోయేది కూడా ఆ పక్షే. చుట్టూ గట్టి కంచె ఉన్న తోటల్లో తప్ప కత్తిరించకపోవడమే న్యాయం.

తోటలో ఏం చేస్తాయి, ఏం చేయవు

మిడతలు, గొంగళి పురుగులు, చెదలు, పశువుల దగ్గర పిడుదులు వీటికి ఇష్టం. కోడిలాగా పాదులన్నీ తవ్విపోయవు, ఎక్కువగా ముక్కుతో ఏరుకుంటాయి కాబట్టి కూరపాదులున్న చోట కూడా నష్టం తక్కువే. కొబ్బరికి పట్టే కొమ్ము పురుగుని తినేస్తాయని చెప్పేది సగమే నిజం. పెద్ద పురుగు రాత్రిపూట ఎగురుతుంది, అప్పుడు గిన్నికోడి నిద్రలో ఉంటుంది. పెంటకుప్ప తిరగేసినప్పుడు బయటపడే దాని పిల్ల పురుగుల్ని మాత్రం ఒక్కటీ మిగల్చవు. కుప్ప తిరగేసే పని మనిషిదే.

పాముల మాటా అంతే. గిన్నికోళ్లుంటే పాములు రావని నమ్మి కొనేవాళ్లున్నారు. పగలు పాము కనబడితే గుంపంతా చుట్టుముట్టి గోల చేస్తాయి, చిన్నదైతే పొడిచి చంపుతాయి కూడా. ఆ గోల విని మనుషులు జాగ్రత్తపడొచ్చు, అది నిజంగా ఉపయోగమే. కానీ డెల్టా ఇళ్లలో ప్రాణాలు తీసే కట్లపాము తిరిగేది రాత్రి. ఆ వేళ గిన్నికోళ్లు దండెం మీద కళ్లు మూసుకుని ఉంటాయి. వీటిని నమ్ముకుని రాత్రి టార్చి లేకుండా నడవడం, కింద పడుకోవడం చేయకూడదు.

అరుపు విషయం ముందే ఇరుగుపొరుగుతో మాట్లాడుకోవాలి. ఇళ్లు దగ్గర దగ్గరగా ఉండే వీధిలో ఇరవై గిన్నికోళ్లంటే తగాదా ఖాయం. వీటికి ఊరి నడుమ కంటే తోట మకాం సరైన చోటు. అదీ వరి చేనుకి ఆనుకుని ఉంటే సార్వా, దాళ్వా రెండిట్లోనూ గుళికల మందు చల్లే రోజుల లెక్క దగ్గర పెట్టుకోవాలి. గుళిక పక్షి కంటికి గింజలాగే ఉంటుంది. పక్క రైతు ఎప్పుడు చల్లుతున్నాడో అడిగి తెలుసుకుని, ఆ రోజు నుంచి కొన్నాళ్లు మందని షెడ్డులోనే ఉంచాలి. రొయ్యల చెరువు గట్ల మీదికి పోనివ్వకూడదు, చెరువు రైతు పక్షుల రెట్ట పడకుండా పైన తీగలు కట్టుకునేది ఊరికే కాదు.

2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయ్యాక, బయట తిరిగే పక్షుల గురించి ఆలోచించే తీరు మారాలి. గిన్నికోడికి కూడా ఆ జబ్బు వస్తుంది. చలికాలంలో వలస బాతులు, కొంగలు వాలే కుంటలకీ మురుగు కాలువలకీ మంద పోకుండా చూడాలి. నీళ్లు షెడ్డు దగ్గరే పెట్టాలి. చుట్టుపక్కల కోళ్లు ఉన్నట్టుండి చనిపోతున్నాయని తెలిస్తే తలుపు మూసి పశుసంవర్ధక శాఖకి కబురు పెట్టాలి.

గూటికి వచ్చే అలవాటు విలువ లంక గ్రామాల్లో వరద రోజున తెలుస్తుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. జూలై, ఆగస్టుల్లో మొదటి హెచ్చరిక వచ్చిందంటే ఆ సాయంత్రమే గంపలు సిద్ధం చేసుకోవాలి. డబ్బా మోగిస్తే లోపలికొచ్చే మందని బల్బు ఆర్పి, చీకట్లో ఒక్కొక్కటిగా గంపల్లోకి సర్దడం ఇద్దరు మనుషులకి గంట పని. చీకట్లో అవి గింజుకోవు. చెట్ల మీద పడుకునే మందైతే పడవ కదిలే వేళకి ఒక్కటీ చేతికి రాదు.

మరుసటి మార్చికి పెట్టలు గుడ్డుకి వస్తాయి. పుంజు ఏదో పెట్ట ఏదో రూపం చూసి పోల్చడం కష్టం, అరుపు వింటే తెలుస్తుంది. రెండు ముక్కలుగా విరిచి అరిచేది పెట్ట, పుంజు ఎప్పుడూ ఒక్క ముక్కే అరుస్తుంది. నాలుగైదు పెట్టలకి ఒక పుంజు చాలు. గుడ్లు తోటలో దాచిపెట్టే బుద్ధి వీటిది, చాలా పెట్టలు ఒకే గూట్లో పెడతాయి. సీజన్ నడిచినన్నాళ్లు మధ్యాహ్నం దాకా షెడ్డులోనే ఉంచి, మూలల్లో ఎండుగడ్డి వేసి తడికతో మరుగు చేస్తే ఎక్కువ గుడ్లు లోపలే దొరుకుతాయి. ఆ తర్వాత తలుపు తీసినా సాయంత్రం వరకు మేయడానికి వాటికి బోలెడు సమయం ఉంటుంది.